పెట్టెలో మనిషి

కుక్క కోసం ఉడికించిన మాంసంలోంచి ఎముకలు ఏరుతుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు నువ్వు పెట్టెలో పడుకోవాలి. నిధుల కమిటీ వాళ్లొస్తున్నారు," అన్నాడు. ఉప్పు డబ్బా అందించమన్నట్టే ఉంది ఆ గొంతు.

మా ఆయన ఉద్యోగం సరిహద్దు చెక్‌పోస్టులో. అనుమతి లేకుండా లారీల్లో దాక్కొని దేశంలోకి వచ్చేవాళ్లని ఈ కుక్క వాసన పట్టి చూపించాలి. దానికి తర్ఫీదు ఇవ్వాలంటే ఎవరో ఒకరు దాక్కోవాలి కదా. ఆ ఎవరో ఒకరు నేను. కంచెకి డబ్బుంది, కెమెరాలకి డబ్బుంది, చెక్‌పోస్టులో కుక్క గదికి ఏసీ కూడా వచ్చింది. దాక్కునే మనిషికి మాత్రం పద్దు లేదట. "బయటివాళ్లని పెడితే జీతం అడుగుతారు. నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయేగా," అన్నాడు మొదట్లో. ఆ ఖాళీలోనే ఆయన యూనిఫాం ఇస్త్రీ, అత్తగారి మందులు, కుక్కకి వంట, స్నానం, అది కక్కితే ఎత్తిపోయడం. నేను దాన్ని దొరగారూ అని పిలుస్తాను. మా ఇంట్లో ఇద్దరు దొరలు, ఒకరికి తోక ఉంది.

బీరువాలో, మంచం కింద, పాత లారీలో, ఎక్కడ దాక్కున్నా అది నేరుగా నా దగ్గరికే వస్తుంది. రోజూ తిండి పెట్టే చెయ్యి వాసన పట్టకపోతే వింత గానీ పడితే గొప్పేముంది? ఆ ముక్క ఒకసారి ఆయనతో అన్నాను. "డిపార్ట్‌మెంటు సంగతులు నీకెందుకు?" అన్నాడు. చెక్‌పోస్టులో అది ఇంతవరకు ఒక్క మనిషిని పట్టిన పాపాన పోలేదు. దానికీ ఆయన దగ్గర జవాబుంది. "దీని పేరు విని ఎవరూ రావడం లేదు." అత్తగారు ఆ మాట చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది. "మావాడి కుక్కంటే దేశాలే హడలిపోతున్నాయమ్మా." ఆ వారమే ఆయన తనిఖీ చేసి వదిలిన లారీలోంచి పక్క ఊళ్లో ఒక కుటుంబం దిగి తమ దారిన తాము వెళ్లిపోయిందని చెక్‌పోస్టు వంటావిడ చెప్పింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. వాళ్లెవరో తెలియదు గానీ నాకు భలే సంతోషం వేసింది.

పోయినసారి చెక్‌పోస్టులో నన్ను చెక్కపెట్టెలో పడుకోబెట్టి మూత బిగించారు. ఇంతలో పై అధికారి వచ్చాడు, టీ వచ్చింది, కబుర్లు సాగాయి. లోపల నేనున్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఊపిరాడక అరిచాను, గోళ్లు విరిగేలా చెక్కని గీకాను. మూత తీసేసరికి నా బట్టలు తడిసిపోయి ఉన్నాయి. అంతమంది మగవాళ్ల ముందు అలాగే లేచి నిలబడ్డాను. మా ఆయన ముక్కు మూసుకొని, "ఇలాగైతే కుక్క తికమక పడుతుంది. ఈసారి ముందే వెళ్లిరా," అన్నాడు. నాకు కోపం రాలేదు. చెప్పుకి అంటిన పేడ మీద ఎవరికైనా కోపం వస్తుందా? నిజంగా అలా దాక్కొని వచ్చే ఆడవాళ్లు పిల్లల నోళ్లు ఎలా నొక్కిపెడతారో మాత్రం ఆ పెట్టెలోనే తెలిసింది. వాళ్లని పట్టుకోవడానికి నా ఊపిరి అరువిస్తున్నానని కూడా.

అందుకే ఈసారి గుమ్మంలో ఉన్న ఆయనతో, "నేను పడుకోను," అన్నాను.

"నిధులు రావాలా వద్దా? నా ప్రమోషన్ ఏమవ్వాలి?"

ముందు గదిలోంచి అత్తగారు అందుకుంది. "పెట్టెలో పడుకోవడం కూడా ఒక కష్టమేనా? మా కాలంలో మొగుడు నూతిలో దూకమన్నా దూకేవాళ్లం." ఆవిడ దూకిన దాఖలాలేమీ నాకు కనిపించలేదు.

నా మాట లెక్కలోకి రాలేదు, మర్నాడు నన్నూ మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడ మూడు లారీలు నిలబెట్టారు. ఎదురుగా షామియానా, కుర్చీలు, పూలదండలు. "మూడో లారీలో పెట్టె ఉంది. నువ్వే ఎక్కి మూత వేసుకో," అని చెప్పి మా ఆయన కుక్కకి దువ్వెన పెట్టడానికి వెళ్లాడు. నేను లారీ ఎక్కాను. పెట్టె లోపల నా గోళ్ల గీతలు అలాగే ఉన్నాయి. కాలు ముందుకు పడలేదు. అప్పుడే కమిటీ పెద్దాయన తన డ్రైవర్ని పిలిచి చెవిలో ఏదో చెప్పడం, ఆ డ్రైవరు చడీచప్పుడు లేకుండా రెండో లారీలోకి దూరడం కనిపించింది. వాళ్లకీ అనుమానం ఉందన్నమాట. ఖాళీ పెట్టెకి మూత వేసి కిందికి దిగాను. షామియానాలో చివరి వరసకి వెళ్లి, కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చున్నాను.

మా ఆయన సెల్యూట్ కొట్టి కుక్కని వదిలాడు. అది మొదటి లారీ చుట్టూ తిరిగింది. రెండో లారీ దగ్గరికి వెళ్లగానే లోపల డ్రైవరు తుమ్మాడు. దొరగారు చెవి కూడా కదపలేదు. మూడో లారీ దగ్గర ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, వెనక్కి తిరిగి, కమిటీ వాళ్ల కాళ్ల మధ్య నుంచి దూసుకొచ్చి నా ఒడిలో ముందుకాళ్లు పెట్టింది. చూస్తే మా ఆయన ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

పెద్దాయన కుర్చీ వెనక్కి తిప్పి నన్ను అడిగాడు. "ఇది ఇప్పటిదాకా ఎంతమందిని పట్టిందమ్మా?"

"ఆవిడకేం తెలుసు సార్," అంటూ మా ఆయన పరుగున వచ్చాడు.

"నన్నొక్కదాన్నే సార్," అన్నాను. "ఇకమీదట నేనూ దొరకను."