రేవులో ఆగిన పుస్తకం

ఏటా చైత్రమాసంలో, ఎండ ఇంకా ముదరకముందే, బరంపురం పెద్దబజారులోని ఆ ఇంటి డాబా మీద మూడు రకాల సరుకు ఎండేది: మిరపకాయలు, చింతపండు, బొమ్మల పుస్తకాలు. మొదటి రెండూ కింద ఉన్న కిరాణా దుకాణానివి. మూడోది సోమేశ్వరరావుది. రైలు స్టేషన్లలోనూ పాత కాగితాల కొట్లలోనూ నలభై ఏళ్ళపాటు ఏరి తెచ్చుకున్న కామిక్స్ అవి. తెలుగువి, ఒడియావి, హిందీవి కలిపి పన్నెండు వందలు. సముద్రపు గాలి తగిలే ఊరు గనుక కాగితం చెమ్మ పడుతుందని, ప్రతి పుస్తకాన్నీ నాలుగు వేపాకులతో పాలిథిన్ సంచిలో పెట్టి, మూతి కట్టి, మేడ గదిలో దాచేవాడు. ఏడాదికొకసారి ఆ సంచులు విప్పి, ఎండలో ఒక్కొక్క పుటే తిప్పుతూ నెల్లాళ్ళు కూర్చునేవాడు. అప్పుడు ఆయన పెదవులు కదులుతూ ఉండేవి. భార్య వాసవీకుమారి అది జపమనుకునేది.

నలభై ఏళ్ళ కాపురంలో ఆమె వాటిలో ఒక్కటీ చదవలేదు. ఆయన చదవమనీ అనలేదు. ఒకరి ఇష్టంలోకి మరొకరు తొంగిచూడకపోవడాన్ని మనం మర్యాద అని పిలుచుకుంటాం. అది నిజంగా మర్యాదేనా అని అడగాలనిపించే వేళకు, జవాబు చెప్పవలసిన మనిషి ఉండడు.

మాఘమాసంలో సోమేశ్వరరావు గుండె ఆగిపోయింది. పోయే ముందు ఆయన మేడ గది వైపు చూసి అన్నది ఒక్కటే మాట: "సెదరనీకు." ఆమె తల ఊపింది.

దుకాణం చూసుకునే మరిది పూర్ణచంద్ర రెండు నెలలు ఆగి, ఒక ఉదయం మెట్ల మీదే కూర్చున్నాడు.

"వదినా, గది లాక్కుంటన్నానని అనుకోకు. నూనె డబ్బాలు మెట్ల మీదున్నాయి. ఎలకలు పెళ్ళిళ్ళు సేసుకుంటన్నాయక్కడ."

"మీ అన్న సెదరనీకన్నారు."

"సెదరనిస్తానేటి? భువనేశ్వరంలో ఢిల్లీశ్వరరావుగారని ఒకాయన ఉన్నాడు. ఇలాటివన్నీ పోగేసి పెద్ద హాలు కట్టించేడు. మొత్తం ఒక్క చోటే పెడతాడట. ఆదివారం వస్తన్నాడు."

"ఒక్కటీ తగ్గకండా?"

"ఒక్కటీ తగ్గకండా."

"ఠిక్ అచ్చి, అలాగే కానీ," అంది ఆమె. చాలా రోజుల తరవాత ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

చెమ్మ వాసనతో పుస్తకాలను పరాయి ఇంటికి పంపడం ఆమెకు చిన్నతనంగా తోచింది. శుక్రవారం పొద్దున్నే, మిరపకాయలు ఎండబెట్టే ఎర్రమ్మను సాయం పిలిచి, సంచులన్నీ విప్పి డాబా నిండా పరిచింది. ఆయనకు నెల పట్టే పని వాళ్ళిద్దరికీ ఒక్క పూటలో అయిపోయింది. అంత తొందరగా ఎలా అయిందన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మిట్టమధ్యాహ్నం ఎర్రమ్మ కేకేసింది. "అమ్మా, సూడండి, ఎల్లిపోతన్నారు!"

"ఎవరే?"

"పుస్తకాల్లోవోళ్ళు. ఒరే ఒరే, మిరపకాయలు తొక్కీకండ్రా, కాళ్ళు మండుతాయి!"

పుటల్లోంచి వేలెడంత మనుషులు దిగి నడుస్తున్నారు. రాజులు, దొంగలు, టోపీ పెట్టుకున్న గూఢచారులు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఒక పులి. ఆట వదిలాక జనం ఇంటిముఖం పట్టినట్టు, ఎవరూ తొందరపడకుండా, పిట్టగోడ ఎక్కి వాననీటి గొట్టం వెంట వీధిలోకి దిగిపోయారు. వాసవీకుమారి ఒక సైనికుడి మీద బుట్ట బోర్లించింది. అతడు కాసేపు మర్యాదగా ఆగి, అల్లిక సందులోంచి బయటికి వచ్చి, తన దారిన పోయాడు.

ఆదివారం ఢిల్లీశ్వరరావు వచ్చి పుటలు తిప్పాడు. కోటలున్నాయి, అడవులున్నాయి, ఖాళీ సింహాసనాలున్నాయి. ఎవరూ లేని చోట మాటల బుడగలు వేలాడుతున్నాయి.

"మాటలున్నాయమ్మా, అన్నవాళ్ళే లేరు. ఎండబెట్టేటప్పుడు చదివారా?"

"సదవాలా?"

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "ఎండ తగిలాక, ఎవరో ఒకరు చదువుతూ ఉన్నంతసేపే నిలుస్తారండీ; చదవడం కాగానే మళ్ళీ సంచి కట్టెయ్యాలి. ఆయన చెప్పలేదా?"

"నేనడగనేదు," అంది వాసవీకుమారి.

ఆయన వెళ్ళిపోయాక, పూర్ణచంద్ర నోరు తెరవకముందే, ఆ పుస్తకాలను కింద దుకాణంలోకి పట్టుకుపొమ్మని ఆమే చెప్పింది. కొత్త కోడలిగా ఆ ఇంట నేర్చుకున్న మొదటి పని కాగితం పొట్లాలు కట్టడం. పుటలు చించి మళ్ళీ ఆ పనికే కూర్చుంది. అస్కా నుంచి వచ్చిన రైతు ఒక ఖాళీ కోటలో ఆవాలు పట్టుకెళ్ళాడు. చమఖండి నుంచి వచ్చిన బెస్తావిడ ఒక నిర్మానుష్యమైన అడవిలో మెంతులు కట్టించుకుంది. చెదరనీకన్న వాటిని ఆమె తన చేతులతోనే జిల్లా అంతా చెదరగొట్టింది.

ఒక్క పుస్తకం మిగిలింది. అది ఆయన తలగడ కింద ఉండిపోవడం వల్ల ఎండ ఎరగలేదు. ఒక పడవవాడి కథ. మధ్యలో గుర్తుగా బస్సు టిక్కెట్టు ఉంది. టిక్కెట్టుకు ముందు, ఆయన చదివేసిన పుటలన్నీ ఖాళీ. తరవాతి పుటల్లో మాత్రం పడవవాడూ, రేవు దాటవలసినవాళ్ళూ అలాగే ఉన్నారు. ఎండా తగల్లేదు, ఆయన చదవడమూ అక్కడిదాకా రాలేదు గనుక వాళ్ళు కదల్లేదు.

వాసవీకుమారి తన కళ్ళజోడు పెట్టుకుని, రోజుకొక బొమ్మల గడి చొప్పున పైకి చదవసాగింది. చదివిన గడి మర్నాటికి ఖాళీ అయ్యేది.

"సంచిలో పెట్టి కట్టీ వదినా, ఉంటారు," అన్నాడు పూర్ణచంద్ర.

"ఊపిరాడనియ్యవా ఆళ్ళని?"

చదవకుండా ఉండవచ్చు. కానీ తరవాత ఏమైందో తెలుసుకోవాలని జీవితంలో మొదటిసారి ఆమెకు అనిపించింది. ఆ కోరికే వాళ్ళను ఒక్కొక్కరినీ పంపించివేసింది. ఆషాఢం నాటికి చివరి గడి మిగిలింది. ఖాళీ పడవ పక్కన, తాడు చేత పట్టుకుని పడవవాడు. అతని తలమీది మాటను ఆమె చూడలేదు, అరచేత్తో మూసి ఉంచింది. నాలుగు రోజులు గడిచాయి.

"ఏటి వదినా, కథ ముందుకెల్లడం నేదా?"

"ఒక్కటే మిగిలింది పూర్ణా."

"సదివీ మరి."

"సదివితే ఎల్లిపోతాడు."

"సదవకపోతే?"

"నిలబడే ఉంటాడు. ఆడి సెయ్యి నొప్పెడతాది."

ఐదో రోజు ఉదయం మెట్లు తుడుస్తున్న ఎర్రమ్మకు, గదిలో అమ్మగారు కూడబలుక్కుని చదువుతున్న గొంతు వినిపించింది: "ఇంకెవరైనా ఉన్నారా?" తరవాత అదే గొంతు, చదువుతున్నట్టు కాకుండా, "ఉన్నాను," అంది.

పూర్ణచంద్ర పైకి వచ్చేసరికి గదిలో కుర్చీ మాత్రమే ఉంది. చివరి గడిలో పడవ లేదు. నీళ్ళున్నాయి. ఒడ్డున, మిగతా బొమ్మ గీసిన నల్లసిరాతోనే, వదిన కళ్ళజోడు ఉంది. పన్నెండో రోజున అతడు ఆమె చీరలు, గొడుగు, చెప్పులు దానమిచ్చాడు.

ఆ పుస్తకాన్ని మాత్రం నాలుగు వేపాకులతో సంచిలో పెట్టి, మూతి కట్టి, నూనె డబ్బాల వెనక దాచాడు. ఎండలో పెడితే ఆ కళ్ళజోడు కూడా ఉండదేమోనని అతని భయం. అందుకే చైత్రం వచ్చినా దాన్ని డాబా మీదికి తేలేదు. సంచి లోపల చెమ్మ అంచుల నుంచి మొదలై, పుట పుటా దాటుకుంటూ, ఆ రేవు వైపే వస్తూ ఉంది.