రైతుబజారులో జములమ్మ జాగా

జములమ్మ వంకాయల గంపలు దించిందో లేదో, దళారి మల్లన్న మనుషులు ముగ్గురు వచ్చి ఎదుట నిలబడ్డారు. గట్టు ఊరి దగ్గరి ఎకరన్నర చెలకలో బోరు నీళ్లతో ఆమె పండించిన కాయలవి. గద్వాల రైతుబజారు ఆమెలాంటి వాళ్ల కోసమే పెట్టింది. ఏడాదిగా మల్లన్న లారీల్లో బయటి సరుకు దింపుతూ రైతుల జాగాలు ఒక్కొక్కటే లాక్కుంటున్నాడు. వారం కిందట ఆమె అతని మీద బజారు అధికారికి అర్జీ ఇచ్చింది.

"లేవక్కా," అన్నాడు ముందున్నవాడు.

యేసయ్య. రెండేళ్ల కిందటి దాకా పక్కనే కూర్చుని టమాటలు అమ్మినవాడు.

"నువ్వా తమ్మీ? మల్లన్నకాడ జేస్తున్నవా?"

"గదంతా నీకెందుకు. లేచి పో."

ఆమె కదల్లేదు. యేసయ్య గంపను తన్నాడు. దొర్లిన కాయలను మిగతా ఇద్దరూ చెప్పులతో తొక్కారు. గంపలు మోసుకొచ్చిన భర్త అనంతయ్య అడ్డం వస్తే యేసయ్య ఇనుపరాడ్‌తో అతని మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. రాడ్ మళ్లీ లేచింది. పక్క జాగాలో ఆకుకూర కోసే కొడవలి ఎప్పుడు చేతికొచ్చిందో ఆమెకే తెలియదు, లేచిన ఆ చేతి మీద వేసేసింది.

నెత్తురు తక్కెడ మీద చిమ్మింది. మిగతా ఇద్దరూ పారిపోయారు. చితికిన వంకాయల మధ్య యేసయ్య కూలబడ్డాడు. జములమ్మ ఇంకోసారి కొడవలి ఎత్తింది. చంపేయాలనే ఉంది ఆమెకు. అతను తప్పుకోలేదు.

"ఏసెయ్యి అక్కా," అన్నాడు. "బోరు ఎండినంక ఇంక మూడు ఏయించిన. చుక్క రాలే. పిల్లలు పస్తులుంటె మల్లన్నకాడికొచ్చిన. ఏం జెయ్యాల్నో తెల్వలే."

"నా మొగని కాలిరగ్గొడ్తివి గదరా."

ఆమె చేయి దిగింది. కానీ కొంగు చింపి యేసయ్య చేతికి కట్టింది ఆమె కాదు, పక్క జాగా రంగమ్మ. ఇద్దరు మగవాళ్లనూ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. దారి పొడుగునా జములమ్మ యేసయ్య వైపు చూడలేదు.

పోలీసులకు యేసయ్య మల్లన్న పేరు చెప్పాడు. అరెస్టయిన మల్లన్న మూడు రోజుల్లో బెయిలు మీద బయటికొచ్చాడు. జములమ్మ మీదా కేసు పడింది. అనంతయ్య కాలు సరిగా అతకలేదు. నీళ్లు కట్టేది, కాయలు తెంపేది, మోసేది ఇప్పుడు ఆమె ఒక్కతే. సగం చేను బీడుపడింది.

అయినా మూడు నెలలకు రెండు గంపలతో బజారుకొచ్చింది.

"మా నడుమ కూసో," అంటూ పక్క జాగాల రైతులతో పాటు రంగమ్మ జరిగింది.

అవతల మల్లన్న కొత్త మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్లలో తెలిసిన రైతెవరైనా ఉన్నాడేమోనని జములమ్మ ఒక్కొక్క మొహమే చూసింది. ఒకడు తల తిప్పుకున్నాడు.