ఏడో తొట్టి

మార్సియాల్ తీగకు కట్టిన కొవ్వొత్తిని ఏడో తొట్టిలోకి దించుతున్నాడు. గెరినో వారి వైన్ తొట్లన్నీ నేలలోనే ఉంటాయి. పైన మనిషి పట్టేంత ఇనుప మూత, కింద రెండు నిలువుల లోతు. బారెడు దిగగానే మంట ఆరిపోయింది. పులిసే రసాన్ని నిన్ననే తోడేశారు గానీ అది వదిలిన గాలి ఇంకా అడుగున పేరుకునే ఉంది. మూత తీసే ఉంచి, గాలిపంకా తేవడానికి లేచాడు.

ముప్ఫై నాలుగేళ్లుగా అతని పని ఇదే, తొట్లు కడగడం, మడ్డి ఎత్తడం. పొట్టి మనిషి. మెడ పెట్టడం దేవుడు మరిచిపోయాడు. చేతులు చన్నీళ్లకు పగిలి ఎర్రబారాయి. గెరినో వారి మస్కదే అనే తెల్ల వైన్ గుక్కెడు తాగి, నాలుక చురుక్కుమందని మురిసిపోయే వాళ్లలో ఒక్కరికీ అతని పేరు తెలియదు. దానికి అతనేమీ కుమిలిపోలేదు. యజమాని కొడుకులిద్దరికీ చిన్నప్పటినుంచి ఒకటే చెబుతూ వచ్చాడు: దీపం ఆరిన తొట్టిలోకి దిగొద్దు, దిగక తప్పకపోతే ఊపిరి బిగబట్టండి, నోరు మాత్రం విప్పొద్దు.

ఆ పిల్లలిప్పుడు నలభై దాటిన మగాళ్లు. కొట్టుకుంటూనే లోపలికి వచ్చారు. ఆలస్యమైతే ద్రాక్షలో పులుపు చచ్చిపోతుందని తమ్ముడు రెమీ, అన్నకు చెప్పకుండా తెల్లవారుతూనే పైతోట మొత్తం కోయించేశాడు. మూడు రోజులు ఆగమన్నాను కదా, నాన్న పోయాక ఈ తోటకు పెద్ద నువ్వా అంటూ అన్న గిల్దాస్ తమ్ముడి మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి పడింది. రెమీ తన చేతిలోని ద్రాక్ష కోసే కత్తెరతో అన్న చెంప చీల్చాడు. మధ్యలో దూరిన మార్సియాల్‌ను ఇద్దరూ కలిసి గోడకేసి కొట్టారు. గిల్దాస్ తమ్ముణ్ని రొమ్ము మీద చేతులేసి నెట్టాడు. రెమీ వెనక్కి తూలి, తెరిచి ఉన్న తొట్టిలో పడిపోయాడు. కింద ధబ్బుమంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

మార్సియాల్ గోడకు వేలాడే తాడు అందుకుని, ఒక కొస గిల్దాస్ చేతిలో పెట్టి, గుండెల నిండా గాలి పీల్చి నిచ్చెన దిగాడు. మడ్డిలో బోర్లా పడ్డవాణ్ని తిప్పి, చంకల కింద తాడు బిగించి, రెండుసార్లు గుంజాడు. పైనుంచి లాగడం లేదు. చెంప మీద నెత్తురు కారుతుండగా గిల్దాస్ తాడు పట్టుకుని కొయ్యబారిపోయాడు. కోపమో భయమో తనకే తెలియదు. మార్సియాల్ మూడోసారి గుంజాడు. అతని దగ్గర మిగిలింది ఒక్క ఊపిరి. నిచ్చెన ఎక్కడానికి సరిపోయేది. అతను నోరు విప్పాడు.

"లాగరా గిల్దాస్. నీ తమ్ముడ్రా వాడు."

తాడు బిగిసింది. రెమీ పైకి వెళ్లాడు. ఎండలో పడుకోబెడితే దగ్గి, కక్కి, కళ్లు తెరిచాడు. నిచ్చెన మీద చెయ్యి వేసిన మార్సియాల్ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

మధ్యాహ్నానికి అగ్నిమాపక సిబ్బంది అతన్ని పైకి తీశారు. గిల్దాస్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూ బండిదాకా మోశాడు. ఏడో తొట్టి అడుగున, మడ్డిలో పిక్కదాకా కూరుకుపోయి, మార్సియాల్ రబ్బరు బూటు ఒకటి నిలబడి ఉంది.