బొటనవేలి మీద చెయ్యి

గాజులు తీయించాలి. జడపిన్నులు, పిన్నీసులు, మెట్టెలు తీయించాలి. మంగళసూత్రం తీయనని మొండికేసే ఆడవాళ్ల మెడలో ముందు పసుపుతాడు కట్టించి, ఆ తర్వాతే గొలుసు అడగాలి. ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందేమో మరోసారి వాకబు చేయాలి. చివరగా ఊపిరి ఆపడం నేర్పాలి. గుండె ఎలాగూ ఆగదు, కనీసం ఊపిరైనా ఆపితేనే ఆ అయస్కాంతపు సొరంగంలో బొమ్మ చెదరకుండా వస్తుంది.

నారాయణగూడ సందులోని స్కానింగ్ సెంటర్లో దాసయ్య పని ఇదే. పొట్టి మనిషి. స్ట్రెచర్లు తోసీ తోసీ ఎడమ భుజం కిందికి జారింది. అశోక్‌నగర్‌లోని కిరాయి గది నుంచి రోజూ కోచింగ్ పిల్లల గుంపుల్ని తప్పుకుంటూ నడిచి వస్తాడు. ఈ పొద్దు దారిలో ఆగి ఆగి వచ్చాడు. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టుంది.

అద్దం వెనక మిషన్ నడిపే అభిజిత్ అతన్ని చూడగానే అడిగాడు.

"మొఖం గట్లయిందేంది అన్నా? ఇంటికి పోరాదు?"

"చిక్కడపల్లి అమ్మది అయినంక పోత."

ఆ అమ్మ సుబ్బులు. పోయినవారం వచ్చినప్పుడు బొమ్మలన్నీ చెదిరిపోయాయి. వినికిడి మిషన్ తీసేస్తే ఆమెకు పిడుగు పడ్డా వినబడదు, ఇక ఊపిరి ఆపమన్న మాటేం వింటుంది? గుండె నెత్తురును ఎంత బలంగా తోస్తోందో తేలితే గానీ కవాటం ఆపరేషన్ చేయలేమని డాక్టర్ నళిని చెప్పేసింది. చేయకపోతే ఎక్కువ కాలం బతకదు.

"నా మాటే ఏనాడూ వినలేదు బాబూ," అన్నాడు ఆమె భర్త దక్షిణామూర్తి. "చెవుడొచ్చాక దానికో వంక దొరికింది."

"ఏవిటంటున్నారాయన? నామీద చాడీలేనా?" సుబ్బులు గట్టిగా అరిచింది.

దాసయ్య నవ్వి, ఆమె చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, లోపల నీ కాళ్లకాడ నేనే ఉంట. బొటనవేలు నొక్కితే ఊపిరి ఆపు. ఇడిస్తే ఇడువు. జర కూడా పరేషాన్ గాకు."

"నువ్వు వదలడం మర్చిపోతేనో, నాయనా?"

"నేను గూడ నీతోనే ఆపుత గద. ఎట్ల మర్షిపోత?"

అది అతని అలవాటు. ఎవరి వేలు నొక్కినా తన ఊపిరీ బిగబట్టేవాడు. అతనికి ముఖాలు గుర్తుండవు, పాదాలు గుర్తుంటాయి. చిక్కడపల్లి మార్కెట్లో కూరలు బేరమాడుతూ ఒక్కోసారి ఎవరి పాదాలో గుర్తుపట్టి, ఈమె బతికింది అనుకునేవాడు. కొన్ని పాదాలు మళ్లీ ఎక్కడా ఎదురుపడలేదు. అవి అతని అరచేతిలో చల్లగా అలాగే ఉండిపోయాయి. అన్నం కలుపుతున్నా తగిలేవి.

రేకు మీద సుత్తితో బాదినట్టు మిషన్ మొదలైంది. అద్దం వెనక అభిజిత్ చెయ్యెత్తాడు. దాసయ్య నొక్కాడు. మెట్టె తీసిన చోట తెల్లగా మిగిలిన గీత పక్కన అతని బొటనవేలు. అభిజిత్ చెయ్యి దించాడు. దాసయ్య వదిలాడు. మళ్లీ. మళ్లీ. ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ అతని ఛాతీ మీది ఆ మోకాలు ఇంకాస్త లోపలికి దిగింది. బయటికి రమ్మని అభిజిత్ సైగ చేశాడు. దాసయ్య తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు చెయ్యి తీస్తే ఆ చీకట్లో ఆమెకు ఇంకేం తెలుస్తుంది?

చప్పుడు ఆగింది.

"కిరాక్ వచ్చినయ్ అన్నా బొమ్మలు! ఒక్కటి గూడ చెదరలే!" అభిజిత్ కేక పెట్టాడు.

డాక్టర్ నళిని కొలతలు చూసుకుని బయటికొచ్చి, ఆపరేషన్‌కు తట్టుకుంటుందని దక్షిణామూర్తితో చెప్పింది. ఆయన కళ్లు తుడుచుకుని, సందు చివరికెళ్లి దాసయ్య కోసం టీ తెచ్చాడు. దాసయ్య నడవాలో బెంచీ మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"అలిసిపోయాడు పాపం. లేపకండి," అని వచ్చేపోయేవాళ్లకు సైగ చేస్తూ ఆయన పక్కనే కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. అందరూ అడుగుల చప్పుడు కాకుండా నడిచారు.

వెళ్లేముందు సుబ్బులు వంగి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లబడిపోయి ఉంది.

"ఏవండీ," అంది మొదటిసారి గొంతు తగ్గించి, "ఇతను వదిలేశాడండీ."

ఎప్పుడైనా అలాంటి సొరంగంలో పడుకుని ఊపిరి ఆపవలసి వస్తే, దాసయ్యను ఒక్కసారి తలుచుకోండి. ఆ చల్లటి గదిలో మండువేసవిలోనూ అతను వేసుకునే ఊలు స్వెటర్ తలుపు వెనక కొక్కేనికే ఉంది, దాని చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి.