నడిమి బొమ్మ

జంగయ్య గడ్డపార ఎత్తి పట్టుకుని అప్పటికి నలభై నిమిషాలయింది. ఒంటి మీద చొక్కా లేదు. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి ఉంది. చుట్టూ ఇరవై రెండు మంది పిల్లలు ఒళ్లో అట్టలు పెట్టుకుని ఆయన పక్కటెముకలు చూసి గీస్తున్నారు.

"చెయ్యి దించకండి పెద్దాయనా. ఇంకో ఐదు నిమిషాలు," అన్నాడు భానుప్రకాశ్.

"కానియ్యుండ్రి సారూ. నాకేం తొందర," అన్నాడు జంగయ్య.

వనపర్తిలో టైర్ల షాపు మీది రెండో అంతస్తులో ఉన్న ఆ కాలేజీలో వీడియో గేములకు బొమ్మలు చేయడం నేర్పుతారు. రెండువేల ఎనిమిది, మార్చి నెల. పొద్దున పది నుంచి కరెంటు కోత. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి, చేతికి పెన్సిళ్లు ఇచ్చారు. భానుప్రకాశ్ ఈ ఊరివాడు కాడు. హైదరాబాదులో గేములు తయారుచేసే కంపెనీ నుంచి, ఈ చివరి సంవత్సరం పిల్లల్లో ఒకరిని ఎంచుకుపోదామని వచ్చాడు. ఎంపికైనవాళ్లకు మొదటి ఏడాది నెలకు ఆరు వేలు. ఒక్కటే ఉద్యోగం.

ఆయనకు బక్కపల్చని ముసలి మనిషి కావాల్సి వచ్చింది. అటెండరు ఇస్రాయేలు బస్టాండు దగ్గరి కూలీల అడ్డాకు వెళ్లి, నూటయాభైకి మాట్లాడి జంగయ్యను తీసుకొచ్చాడు. అడ్డా మీద ఆ రోజు కూలి నూట ఇరవై. ముప్ఫై ఎక్కువ అనేసరికి జంగయ్య పనేమిటని కూడా అడగకుండా నడిచాడు. టైర్ల షాపు కనబడ్డాక అడుగు వెనక్కి వేశాడు గాని, అప్పటికే ఇస్రాయేలు మెట్లెక్కుతున్నాడు.

మూడో వరసలో కూర్చున్న మానస గుమ్మంలో తండ్రిని చూసి లేవబోయింది. ఆయన కళ్లతోనే కూర్చోమన్నాడు. మళ్లీ ఆ వైపు చూడలేదు. మానస కూర్చుంది. కూర్చున్నందుకు సిగ్గుపడింది. లేచి ఉంటే పడే సిగ్గు వేరు, అదీ ఆమెకు తెలుసు. మూడేళ్లుగా ఆ తరగతిలో ఎవరూ ఆమె తండ్రి ఏం చేస్తాడని అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

"శరీరం మాత్రం ఈయనదే ఉండాలి," భానుప్రకాశ్ వరసల మధ్య తిరుగుతూ చెబుతున్నాడు. "భూమి కింద గనుల్లో బరువులు మోసే రాక్షసులు. వాళ్లకు కోరలు పెట్టండి, చెవులు సాగదీయండి. ఆ కుడి భుజం చూడండి. ఇలాంటిది ఇంటర్నెట్‌లో వెతికినా దొరకదు."

అది దొరికే చోటు వేరే ఉంది. ఇద్దరు మనుషులు ఒక కట్టెకు బండరాయి వేలాడదీసి, చెరో భుజాన పెట్టుకుని ఇరవై ఏళ్లు మోస్తే అలాంటి భుజం తయారవుతుంది. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట ఏ రాష్ట్రంలో ఉందో వెతకాలి. కాయ కాసిన ఆ భుజం మీదే మానస చిన్నప్పుడు జాతరలకు వెళ్లింది. అందుకే మిగతావాళ్లు రెండు భుజాలూ సమానంగా గీస్తుంటే, ఆమె పెన్సిలు కుడివైపు రెండు వేళ్లు పైకి పోయింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఆమిర్ ముక్కు చూసి గీసి, దాని కింద కోరలు పెట్టింది.

భానుప్రకాశ్ ఆమె వెనుక చాలాసేపు నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. బొమ్మ బాగుంటే కడుపు నిండే రకం.

"ఆ భుజం మీది బరువు బొమ్మలో ఎలా పట్టుకున్నావమ్మా? పేరేమిటి?"

"మానస సార్."

ఆయన జేబులోంచి కాగితం తీసి ఆ పేరు అన్నిటికన్నా పైన రాసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అది గది అంతా చూసింది. గడ్డపార కింద నుంచి జంగయ్య కూడా చూశాడు.

టీ విరామంలో మంచినీళ్ల కుండ దగ్గర ఇద్దరికీ నిమిషం దొరికింది. వరండాలో ఎవరూ లేరు.

"నాయినా, నువ్వు పో. ఒంట్లె బాగలేదని చెప్పి పో," అంది మానస గొంతు తగ్గించి.

"ఎందుకు పోత? ఇన్నేండ్లల్ల ఊకె నిలబడ్డందుకు పైసలిచ్చినోడు ఉన్నడా?" జంగయ్య నవ్వాడు. "ఆ పట్నం సారు నీ పేరు రాసుకున్నడు, చూసిన. ఇగ నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు. అడ్డా మీది కూలోని బిడ్డ అంటె నౌకరి ఇస్తరా ఎవలన్న?"

"ఇస్తరు నాయినా."

"ఏమో. ఇయ్యకపోతె?" నీళ్లు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఇంతకు నన్ను బొమ్మల ఏం జేస్తుర్రు?"

మానస కుండ మీద మూత సర్దింది. "భూమిల తవ్వెటోన్ని," అంది చివరికి.

"మల్ల గదేనా? ఆటల సుత తవ్వుడేనా?"

రాక్షసుడని చెప్పలేకపోయింది. ఎండ మొహాన కొడుతున్నా అక్కడే నిలబడి, తండ్రి లోపలికి వెళ్లాక వెళ్లింది.

రెండో గంటలో భానుప్రకాశ్ కాగితం మీద మూడు గళ్లు గీయించాడు. మొదటి గడిలో రాక్షసుడు నిలబడి ఉండాలి. మూడో గడిలో చచ్చిపడి ఉండాలి. రెండోది పడుతూ ఉన్న బొమ్మ.

"ఈ నడిమి బొమ్మలోనే ప్రాణం ఉంటుంది. ఇది ఎవరు సరిగా గీస్తే వాళ్లనే తీసుకుంటాను," అన్నాడు. తర్వాత జంగయ్యతో, "పెద్దాయనా, మీకు దెబ్బ తగిలింది. పడిపోవాలి," అన్నాడు.

జంగయ్య గడ్డపారను గోడకు ఆనించి, తువ్వాలు పరిచి, దాని మీద బుద్ధిగా పడుకున్నాడు. తరగతి నవ్వింది.

"అలా కాదు. తుపాకీ దెబ్బ. ఒక్కసారిగా."

"ఎవలు కొడుతుర్రు సారూ నన్ను?"

"గేము ఆడేవాళ్లు. మిమ్మల్ని పడగొడితే పదిహేను పాయింట్లు వస్తాయి."

"పదిహేనేనా?" అన్నాడు జంగయ్య.

ఈసారి భానుప్రకాశ్ కూడా నవ్వాడు. వెనక వరసలో ఒకడు స్కేలు గురిపెట్టి నోటితో ఢామ్మన్నాడు. జంగయ్య పడ్డాడు. బాగా రాలేదన్నారు. లేచి మళ్లీ పడ్డాడు. నాలుగోసారికి మోచేయి గీరుకుపోయి గచ్చు మీద ఎర్రటి చార మిగిలింది. ఆయన దాన్ని కాలితో తుడిచేశాడు. మానస ఆ కాలు చూసింది.

"ఆగండి, అదే! అలాగే ఉండండి," అన్నాడు భానుప్రకాశ్.

ఒక మోచేయి నేలకు ఆనీ ఆనకుండా, నడుము గాల్లో, తల వెనక్కి. పడే మనిషి ఒక్క క్షణం ఉండే తీరు అది. అలాగే పది నిమిషాలు ఉండమన్నారు. జంగయ్య ఉన్నాడు. పని ఒప్పుకున్నాక మధ్యలో దించడం ఆయనకు తెలియదు. మెడ నరాలు ఉబ్బాయి. తొడ వణకడం మొదలుపెట్టింది. పెన్సిళ్లు గబగబా నడుస్తున్నాయి.

మానస కాగితంలో రెండు గళ్లు నిండాయి. నడిమిది ఖాళీగా ఉంది. భానుప్రకాశ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"గియ్యమ్మా. ఆయన ఎక్కువసేపు ఉండలేడు. ఆ ఒక్కటి గీస్తే నీ పని అయిపోయినట్టే."

గీయగలదు. కళ్లు మూసుకుని గీయగలదు. ఆరు వేలంటే తండ్రికి అడ్డా తప్పుతుంది. ఆ లెక్క వేసుకోవడం ఆమెకూ చేతనవును, మూడేళ్లుగా వేస్తూనే ఉంది. పెన్సిలు కాగితానికి ఆనించింది. జంగయ్య తల ఇంకొంచెం వెనక్కి వాలింది, నోరు తెరుచుకుంది, ఊపిరి గరగరమంటూ వస్తోంది.

మానస అట్ట పక్కన పెట్టి లేచింది. వరసలు దాటుకుంటూ వెళ్లి ఆయన వీపు కింద చెయ్యి వేసింది.

"నాయినా, లే. చాలు."

గదిలో పెన్సిళ్లు ఆగిపోయాయి. జంగయ్య నేల మీద చతికిలబడ్డాడు. ముందు ఆమెను చూశాడు, ఆ తర్వాత ఆమె వెనకాల భానుప్రకాశ్ జేబు వైపు చూశాడు. వీపు మీది చేతిని మెల్లగా తప్పించాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేట్టు. "సారూ, ఈ పిల్ల ఎవరో నాకు తెల్వదు. ఎవలనుకుంటుందో ఏమో. నేను మల్ల పడుకుంట, మీరు గీసుకోండ్రి."

చెప్పి, వణికే మోచేయి మళ్లీ నేలకు ఆనించబోయాడు.

మానసకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునే తీరిక లేదు. వంగి రెండు చంకల కిందా చేతులు వేసి, ఆయనను నేలకు ఆననివ్వకుండా పట్టుకుంది.

"నేను నీకు తెల్వకుంటె తెల్వకపాయె," అంది. "నాకు నువ్వు తెలుసు. లే నాయినా."