పంక్తిలో కూర్చున్నావా, వడ్డించినావా?

కదిరి నరసింహస్వామికి దండం పెట్టనిదే సుంకప్ప ఏ అంగడి మెట్లూ ఎక్కడు. కార్మిక శాఖలో ఆయన సర్వీసంతా అట్లే గడిచింది. ఈ ఏడు కొత్తగా చేరిన ఆఫీసర్లకు తనిఖీ నేర్పించే పని ఆయన మెడకు పడింది.

వాళ్లల్లో తిప్పేష్ అనే పిల్లవాడు మొదటి తనిఖీకి బెళుగుప్పలో ఒక బట్టల అంగడికి పోయివచ్చాడు.

"పనోళ్లు ఎంతమందప్పా?" అని అడిగాడు సుంకప్ప.

"ఒక్కరూ లేరు సార్. అందరూ ఓనరు అల్లుండ్లే. నేను నా చెవులతో విన్నా, ప్రతివాడూ మామా మామా అనే పిలుస్తాండాడు."

"అంతమంది అల్లుండ్లా?"

"ఆయనకు అక్కచెల్లెండ్లు శానామంది ఉన్నట్టుండాది సార్, పాపం."

సుంకప్ప నెత్తి పట్టుకున్నాడు. యజమాని ఇంటివాళ్లకు చట్టం వర్తించదు. ఆ సందు యజమానులందరికీ తెలుసు. ఈ సీమలోనేమో వరస లేని పిలుపే లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడు దిగేలోపల అన్నో మామో అయిపోతాడు. ఇంత చక్కటి అలవాటు ఇచ్చిన దేవుడు దాని వెనక దాక్కునేవాళ్లను పట్టే ఉపాయం కూడా ఇచ్చే ఉంటాడు కదా అనుకుని, సుంకప్ప నెలలు కూర్చుని ఒక పాఠం తయారుచేశాడు. నిజమైన చుట్టం ఎవరు, పిలుపు చుట్టం ఎవరు అని తేల్చే పాఠం.

డిప్యూటీ కమిషనర్ జయంతి మేడం కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. "నేనే వచ్చి చూస్తానండీ. బాగుంటే జిల్లా అంతటికీ మీ పాఠమే. లేదంటే వీడియో క్లాసులు పంపారు, అవి వేసేద్దాం" అంది.

ఆ వీడియో సుంకప్ప చూశాడు. అందులో యజమాని టై కట్టుకుని ఉంటాడు. అడగ్గానే రిజిస్టరు తెచ్చి చేతికిస్తాడు. అట్లాంటి యజమాని అనంతపురం జిల్లాలో పుట్టేలోపల ఇక్కడ ఏటా రెండు పంటలు పండుతాయి. ఆ వీడియో చూసి పిల్లలు తనిఖీకి పోతే ఇక అల్లుళ్లే అల్లుళ్లు. ఎట్లయినా తన పాఠం నిలవాలి.

మేడం వచ్చే రోజు భోజనాలు సుంకప్ప భార్య ఉమాదేవి పంపేటట్టు ఏర్పాటు. ఆమె ఇంటి ముందు గదిలో బోర్డు పెట్టి ఓళిగల అంగడి, అంటే బొబ్బట్ల దుకాణం, నడుపుతుంది.

మేడం వెనక బెంచీలో కూర్చుంది. సుంకప్ప మనసులో స్వామిని తలచుకుని మొదలుపెట్టాడు.

"ఓనరు ఇంట్లో చావు జరిగినప్పుడు మైల పట్టినావా అని అడగండి. చుట్టమైతే పట్టింటాడు. పనోడైతే అంగడి ఎప్పుడు తెరుస్తారా అని చూసింటాడు."

ఆరీఫా అనే అమ్మాయి లేచింది. "సార్, మాకు మైల లేదు. మా ఇనాయతుల్లా మామ అంగడికి పోతే ఏమడగాల?"

ఈ మాట సుంకప్పకు తట్టనే లేదు. "గోరీలో మట్టి వేసినావా అని అడుగమ్మా."

"మట్టి దారిన పోయేటోడూ వేస్తాడు సార్. అది పుణ్యం."

అందరూ నవ్వారు. మేడం గడియారం చూసుకుంది.

"పెండ్లి గురించి అడిగితే సార్?" అంది ఆరీఫా. "ఓనరు ఇంట్లో పెండ్లికి పంక్తిలో కూర్చున్నావా, వడ్డించినావా అని."

"మా ఊర్లో సొంత అల్లుడు కూడా వడ్డిస్తాడే!" అన్నాడు తిప్పేష్.

"వడ్డిస్తాడు. మళ్లీ కూర్చుంటాడు. పిలవకపోతే నెల అలుగుతాడు," అంది ఆరీఫా.

"అద్భుతం!" అంది మేడం. "ఎవరినైనా అడిగి చూపించండి."

సరిగ్గా అప్పుడే భోజనాల క్యారియర్లు మోసుకుంటూ కదిరమ్మ లోపలికి వచ్చింది.

"ఈవిడ ఎవరండీ?"

"మా అక్క మేడం," అన్నాడు సుంకప్ప. అంగడిలో పనిచేసే ఆమెను ఆయన ఎప్పుడూ అట్లే అంటాడు.

"అడగనా సార్?" అంది ఆరీఫా.

"అడుగమ్మా, భయమేముండాది?"

"అవ్వా, సారు నీకేమౌతాడు?"

"తమ్ముడు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగడు."

సుంకప్ప ఛాతీ ఉబ్బింది.

"సారు కూతురి పెండ్లికి పోయినావా?"

"పోకుండా? కోడి కూయకముందే ఆడుంటి."

"పంక్తిలో కూర్చున్నావా, వడ్డించినావా?"

కదిరమ్మ నవ్వింది. "రెండూ కాదుమే. ఎంగిలాకులు ఎత్తినా."

ఆరీఫా ఆ మాట రాసుకుంది.

"వారానికొక దినం సెలవుండాదా అవ్వా?"

"తమ్మునింట్లో సెలవేందిమే?"

ఆరీఫా కలం గాలిలో ఆగింది. అందరూ సుంకప్పనే చూస్తున్నారు. 'ఇది ఉత్త పాఠమేలేమ్మా, వదిలేయ్' అంటే చాలు, పరువు దక్కుతుంది. కానీ రేపు ప్రతి అంగడిలోనూ ఈ పిల్లలకు ఎవరో ఒకరు అదే మాట చెబుతారు. స్వామీ, ఇన్ని గడపలుండగా నా గడపే దొరికిందా నీకు అని గొణిగాడు. అయినా, స్తంభం ఎవరిదని విచారించి వెలువడే దేవుడు కాదాయన.

"రాయమ్మా," అన్నాడు సుంకప్ప. "ఓళిగల అంగడి. ఓనరు ఉమాదేవి. భర్త పేరు కూడా గుండ్రంగా రాయి."

వీడియోలు అటకెక్కాయి. పాఠం జిల్లాకంతా ఖాయమైంది. దాని మొదటి నోటీసు సుంకప్పే ఇంటికి మోసుకుపోయాడు.

"ఏమయ్యా, పాఠం చెప్పేకి పెండ్లామే దొరికిందా నీకు?" అంది ఉమాదేవి. ఆదివారం అంగడి మూసింది. వంటిల్లు కూడా మూసింది. "నోటీసు తెచ్చినోడే వండుకోవాల."

సుంకప్ప ఓళిగలకు పిండి పిసుకుతుంటే వాకిట్లో అలికిడైంది. కదిరమ్మ. పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని వచ్చింది.

"ఏమక్కా, ఈపొద్దు సెలవు కదా?"

"సెలవు కాబట్టే తమ్మునింటికి వచ్చినా. ఆ పొద్దు పెట్టని పంక్తి ఈ పొద్దన్నా పెట్టప్పా."

ఉమాదేవి తానే ఆకు వేసింది. సుంకప్ప వడ్డించాడు. తిన్నాక కదిరమ్మ అలవాటుగా ఆకు ఎత్తబోతే, ఆయన చేయి అడ్డం పెట్టి తానే ఎత్తాడు.

"అంతా బాగుండాది గానీ," అంది కదిరమ్మ చేయి కడుక్కుంటూ, "నీ ఓళిగ చినిగి పూర్ణమంతా బయటికొచ్చినాదప్పా. చేసేకి ఒక మనిషిని పెట్టుకోరాదా?"

"ఉండాదక్కా," అన్నాడు సుంకప్ప. "ఆదివారం రాదు."