ఎనిమిది వారాల కషాయం

మా ఆయన చ్యూ జెన్‌షెంగ్ అన్‌గువో ఊళ్లో నలభై ఏళ్లు మూలికల కొట్టు నడిపాడు. సంచి విప్పకుండానే లోపలి వేరు ఏ కొండదో వాసనతో చెప్పేవాడు. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు, ఆయనే మాట్లాడటం మానేశాడు. వ్యాయామం చేయించే మనిషి వస్తే గోడవైపు తిరిగిపోయేవాడు. ఇలాగే పడుకుంటే కాళ్లు కూడా బిగుసుకుపోతాయన్నారు. నాకు భయం వేసింది. భయం వేస్తే నేను ఊరుకునే రకాన్ని కాదు, కొట్టుకు పోయే ముందు రోజూ నాలుగు తిట్టి మరీ పోయేదాన్ని.

పక్షవాతం తరవాత పట్టుకునే దిగులుకు చాయ్‌హు వేరు సారం పనిచేస్తుందేమోనని ఆసుపత్రిలో పరీక్ష పెట్టి ఈయన్నీ చేర్చుకున్నారు. సగంమందికి మందు, సగంమందికి ఉత్త పొడి. ఎవరికేదో ఆ పరీక్ష చూసే డాక్టర్ థాన్‌కు కూడా తెలియదు. రోజుకు రెండుసార్లు వేడినీళ్లలో కలిపివ్వాలి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇంట్లోవాళ్లు పక్కనే కూర్చుని సంతకం పెట్టాలి. కొట్టు మూసి కూర్చున్నాను. మహానుభావుడు గిన్నెడు కషాయాన్ని అరగంట తాగేవాడు. ఊరికే కూర్చోలేక వీధి కబుర్లన్నీ చెప్పేదాన్ని.

మూడో వారం నోరు తెరిచి గంజి అడిగాడు. ఆరో వారం కర్ర పట్టుకుని వాకిలిదాకా నడిచాడు. అంతా చాయ్‌హు మహిమేనని కనిపించినవాళ్లకల్లా చెప్పాను.

ఎనిమిది వారాలయ్యాక ఎవరికేది ఇచ్చారో రాసిన జాబితా విప్పారు. డాక్టర్ థాన్ ఇంటికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "పిన్నిగారూ, బాబాయిగారికి వచ్చింది ఉత్త పొడి. మాడ్చిన చక్కెర, పిండి, కాస్త చేదు. ఇప్పుడు అసలు మందు తెచ్చాను."

నాకు ఒళ్లు మండింది. మూలికలవాడికే పిండి తాగిస్తారా అని ఆ పిల్లను కడిగేశాను.

"ఆ అమ్మాయినెందుకు అంటావు? నాకు మొదటిరోజే తెలుసు. దాంట్లో చాయ్‌హు వాసనే లేదు," అన్నాడు మా ఆయన.

"తెలిసీ ఎందుకు తాగావయ్యా?"

"తాగకపోతే నువ్వు కూర్చోవుగా. గబగబా తాగితే లేచిపోతావు."

నాకు సిగ్గేసింది. ఇన్ని నెలలు తిట్టానే గాని, పక్కన కాసేపు కూర్చోవాలని తోచలేదు.

ఆయన ఎడమచేత్తో కొత్త పొట్లం అందుకుని వాసన చూశాడు. సరుకు మంచిదేనన్నాడు. తరవాత నావైపు చూడకుండా అడిగాడు.

"దీనికి సంతకం అక్కర్లేదేమో. ఇక కొట్టుకు పోతావా?"